లైసెన్సు పిస్తోలు వెంట పెట్టుకు తిరిగేవాళ్లు తెలుసుకోవాల్సినవి: గోదావరి డెల్టాకు సరిపడేలా

ఇది ఆత్మరక్షణ కోసం చట్టప్రకారం లైసెన్సు తీసుకుని .32 రివాల్వరో పిస్తోలో కొనుక్కున్నవాళ్ల కోసం. లైసెన్సు ఎలా తెచ్చుకోవాలో ఇందులో లేదు. ఇంట్లోంచి బయల్దేరిన దగ్గర్నుంచి తిరిగొచ్చి బీరువాలో పెట్టేదాకా ఏం చేయాలి, ఎక్కడికి తీసుకెళ్లకూడదు, గొడవ ఎదురైతే ఎలా తప్పుకోవాలి అన్నదే ఉంది. నడుముకి ఆయుధం ఉన్న రోజున మాటకి మాట అనే స్వేచ్ఛ మీకు లేదన్నది మొదట్లోనే ఒప్పుకోవాలి. ఒప్పుకోలేనివాళ్లు దాన్ని బీరువాలోనే ఉంచడం మేలు.

ముందు లైసెన్సు పుస్తకం చదవండి

చాలామంది లైసెన్సులో ఫొటో, ఆయుధం నంబరు తప్ప మిగతాది చదవరు. అసలు చూడాల్సింది ఎంత ప్రాంతానికి చెల్లుతుందన్న గడి. అక్కడ జిల్లా అని ఉండొచ్చు, ఆంధ్రప్రదేశ్ అని ఉండొచ్చు, దేశమంతా అని ఉండొచ్చు. ఆంధ్రప్రదేశ్ అని మాత్రమే ఉంటే హైదరాబాదుకి తీసుకెళ్లడం కుదరదు. 2014 జూన్ 2 నుంచి అది వేరే రాష్ట్రం.

మన దగ్గర అంతకన్నా పెద్ద చిక్కు యానాం. కాకినాడ నుంచి అమలాపురానికి 216 జాతీయ రహదారి మీద వెళితే యానాం మధ్యలోంచే పోవాలి. అది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం. కారు ఆపకపోయినా, ఎదుర్లంక వంతెన ఎక్కేలోపు మీ లైసెన్సు చెల్లని నేల మీద ఆయుధంతో ఉన్నట్టే. లైసెన్సు రాష్ట్రానికే పరిమితమైతే రావులపాలెం మీదుగా చుట్టు తిరిగి వెళ్లండి, లేదా పరిధి పెంచమని కలెక్టరాఫీసులో దరఖాస్తు పెట్టుకోండి. ఇక మందు చవకని యానాం వెళ్లేవాళ్లకైతే, ఆ పనికి ఆయుధం తోడు అసలు పనికిరాదు.

లైసెన్సు వెనక ఉండే షరతుల్లో ఇంకొకటి ఉంది. ప్రత్యేక అనుమతి లేకుండా తిరునాళ్లకి, మతపరమైన ఊరేగింపులకి, జనం గుమిగూడే చోట్లకి, విద్యాసంస్థల ఆవరణలోకి ఆయుధం తీసుకెళ్లకూడదు. అంటే అంతర్వేది రథోత్సవానికి వద్దు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వద్దు. రాబోయే 2027 గోదావరి పుష్కరాల్లో ఏ ఘాటుకీ వద్దు. పిల్లల్ని దించడానికి కాలేజీ గేటు దాటి లోపలికెళ్లేటప్పుడూ వద్దు. సంక్రాంతి కోడిపందేల బరి సంగతి వేరే చెప్పాలా? పందెం చట్టవిరుద్ధం, పక్కనే మందు, చేతుల్లో నోట్ల కట్టలు, ఓడినవాడి కోపం. ఆయుధం ఉన్నవాడు అక్కడ నిలబడితే తర్వాత ఏ వకీలూ ఆదుకోలేడు.

కొల్లేరు, కోరంగి రెండూ అభయారణ్యాలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అక్కడికి ఆయుధంతో వెళ్లాలంటే అటవీశాఖ నుంచి ముందే రాతపూర్వక అనుమతి ఉండాలి. మడ అడవుల్లో బోటు షికారుకి వెళ్లేవాళ్లు, కొల్లేరు లోపలి దారులు పట్టేవాళ్లు దీన్ని మర్చిపోతుంటారు.

లైసెన్సు గడువు 5 ఏళ్లు. అయిపోవడానికి రెండు నెలలకి ముందే పునరుద్ధరణకి పెట్టండి. బయటికి వెళ్లేటప్పుడు అసలు పుస్తకం జేబులో, ప్లాస్టిక్ కవరులో ఉండాలి. చెమటకి సిరా కారిపోయిన లైసెన్సు చూపిస్తే ఎస్సైకి మీ మీద నమ్మకం ముందే పోతుంది.

హోల్‌స్టరూ, దాన్ని కప్పే బట్టలూ

2016 ఆయుధ నిబంధనల్లో 32వది ఈ విషయం సూటిగా చెబుతుంది. బహిరంగ ప్రదేశంలో చేతి తుపాకీ ఒంటికి కట్టిన హోల్‌స్టరులోనో (తుపాకీ ఒరలోనో), దానికోసం అమర్చిన సంచిలోనో ఉండాలి. పూర్తిగా కప్పి ఉండాలి. మీ అదుపులో ఉండాలి. తీసి ఊపడం, పైకి చూపించడం నిషేధం. చేస్తే లైసెన్సు రద్దు కావచ్చు, కేసు అదనం.

హోల్‌స్టరు కొనేటప్పుడు మూడు చూడండి. ట్రిగ్గరు గార్డు (ట్రిగ్గరు చుట్టూ ఉండే కడ్డీ) మొత్తం మూసుకుపోవాలి, పక్కనుంచి చిటికెన వేలు కూడా లోపలికి దూరకూడదు. మూతి గట్టిగా ఉండి, ఆయుధం తీశాక ముడుచుకుపోకూడదు. మూతి మెత్తబడిన పాత తోలు హోల్‌స్టరులోకి పిస్తోలు దింపుతుంటే, లోపలికి మడత పడిన తోలే ట్రిగ్గరుని నొక్కేస్తుంది. మూడోది పట్టు. ఖాళీ ఆయుధాన్ని అందులో పెట్టి, పరుపు మీద తలకిందులుగా పట్టుకుని నాలుగుసార్లు కుదపండి. జారితే ఆ హోల్‌స్టరు వద్దు. మూతి పట్టీ ఉన్నది మోటారు సైకిలు మీద తిరిగేవాళ్లకి తప్పనిసరి.

బెల్టు ఒకటిన్నర అంగుళం వెడల్పు, రెండు పొరల తోలుది కావాలి. పల్చటి బెల్టుకి అర కిలో పైన బరువు వేలాడితే ప్యాంటు ఒక పక్కకి జారుతుంది, చెయ్యి మాటిమాటికీ అక్కడికే పోతుంది. ఆ సర్దుకోవడం చూసే, లోపల ఏదో ఉందని ఎదుటివాడు పసిగట్టేది.

లుంగీ మడతలో, పంచె మొలతాడు దగ్గర దోపుకోవడం అనే పని ఎప్పుడూ చేయొద్దు. అక్కడ ట్రిగ్గరుకి అడ్డు ఉండదు. వంగినప్పుడు ఆయుధం జారితే చాలామంది గాల్లోనే పట్టుకోబోతారు, అప్పుడు వేలు పడేది ట్రిగ్గరు మీదే. జారితే కింద పడనివ్వండి. పంచె కట్టేవాళ్లు లోపల నిక్కరు మీద బెల్టు వేసి, హోల్‌స్టరు దానికి తగిలించి, పైన వదులు జుబ్బా వేసుకోవచ్చు. చొక్కా అయితే ఇన్‌షర్టు చేయకుండా, చెయ్యి పైకెత్తినా హోల్‌స్టరు కింద అంచు కనపడనంత పొడవు ఉండాలి. అద్దం ముందు వంగి, చెయ్యి పైకెత్తి, కింద కూర్చుని చూసుకోండి.

స్కూటరు డిక్కీలోనో, బైకు ట్యాంకు కవర్లోనో, కారు డ్యాష్‌బోర్డు అరలోనో పెట్టి దిగి వెళ్లిపోవడం అంటే దొంగకి అప్పజెప్పడమే. వెంట తీసుకెళ్లలేని చోటికి వెళ్తున్నారంటే ఆ రోజు ఇంటి దగ్గరే వదలాలి. జేబులో పెట్టుకుంటే జేబు హోల్‌స్టరు ఉండాలి, ఆ జేబులో తాళాలు, చిల్లర ఏమీ ఉండకూడదు.

నింపడం, ఖాళీ చేయడం

ఇంట్లో ప్రమాదాలకి దారితీసే ఘడియ ఇదే. ఒక మూల స్థిరంగా ఒక ఇనప బకెట్టు పెట్టుకోండి. అందులో అడుగున్నర లోతుకి తగ్గకుండా పొడి ఇసుక దట్టించండి. ఆయుధం నింపినా, ఖాళీ చేసినా గొట్టం ఆ ఇసుక వైపే. సిమెంటు నేల వైపు, గచ్చు వైపు కాదు. అక్కడ తగిలిన తూటా ఎగిరి ఎటు పోతుందో చెప్పలేం. ఆ గదిలో ఇంకెవరూ ఉండకూడదు, ఫోను ఎత్తకూడదు.

పిస్తోలు ఖాళీ చేసేటప్పుడు వరస తప్పకూడదు. ముందు మ్యాగజైను (తూటాలు నింపే పెట్టె) బయటికి. తర్వాతే స్లైడు (పిస్తోలు పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) వెనక్కి లాగాలి. ఛాంబరులో, అంటే తూటా పేలే గదిలో, ఉన్న తూటా ఎగిరి పడుతుంది. స్లైడు వెనక్కి పట్టి ఉంచి ఛాంబరులోకి కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి చూడాలి. ఈ రెండూ తారుమారైతే, అంటే మ్యాగజైను లోపల ఉండగా స్లైడు లాగితే, ఒక తూటా బయటికొస్తుంది, ఇంకొకటి లోపలికెక్కుతుంది. తర్వాత మ్యాగజైను తీసి, ఖాళీ అయిపోయిందనుకుని ట్రిగ్గరు నొక్కుతారు. అప్పుడు పేలుతుంది.

.32 పిస్తోలుకి వాడే .32 ఏసీపీ రకం తూటాకి వెనక అంచు కాస్త బయటికి ఉంటుంది. మ్యాగజైనులో నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకి ముందు వైపున పడాలి. వెనక పడితే రెండూ ఒకదానికొకటి కొక్కెంలా తగులుకుని, అవసరమైనప్పుడు పిస్తోలు ఇరుక్కుపోతుంది. అలాగే ఒకే తూటాని రోజూ ఛాంబరులోకి ఎక్కించి దించుతూ ఉంటే దాని సీసం మొన కొంచెం కొంచెంగా లోపలికి నొక్కుకుపోతుంది, పేలినప్పుడు ఒత్తిడి పెరుగుతుంది. కొత్త తూటా పక్కన నిలబెట్టి చూడండి. పొట్టిగా కనిపిస్తే పక్కన పెట్టేయండి.

రివాల్వరులో గొట్టం కిందికి మడిచే రకమైతే తెరవగానే ఆరు తూటాలూ పైకి లేస్తాయి. అయినా లెక్కపెట్టాలి, నెమ్మదిగా తెరిస్తే ఒకటి ఎజెక్టరు (తూటాల్ని పైకి నెట్టే భాగం) కిందికి జారి సిలిండరులోనే ఉండిపోతుంది. సుత్తికి (ట్రిగ్గరు నొక్కితే తూటా వెనక దెబ్బ కొట్టే భాగానికి) అడ్డుపడే భద్రతా బ్లాకు లేని పాత రివాల్వర్లలో సుత్తి కింద గది ఖాళీగా ఉంచి ఐదే నింపండి. బ్లాకు ఉందో లేదో తెలియకపోతే లేదనే అనుకోండి. దెబ్బ తగిలితే స్ట్రైకరు (తూటా వెనక కొట్టే సూది) జారకుండా ఆపే ఏర్పాటు లేని పిస్తోలు కూడా ఛాంబరు ఖాళీగానే వెంట ఉండాలి.

ఉప్పుగాలి, చెమట

నరసాపురం, అల్లవరం, సఖినేటిపల్లి లాంటి తీరపు మండలాల్లో తుడవకుండా వదిలేస్తే కొద్ది రోజుల్లోనే స్క్రూల తలల మీద ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. ఒంటికి ఆనుకునే వైపు అంతకన్నా ముందే. ఇంటికి రాగానే హోల్‌స్టరులోంచి తీసి, మెత్తటి నూలు గుడ్డతో తుడిచి, గన్ ఆయిలు రెండు మూడు చుక్కలు పూసి మళ్లీ తుడవాలి. తోలు హోల్‌స్టరులోనే రాత్రంతా ఉంచితే తోలు పీల్చుకున్న ఉప్పు చెమట లోహాన్ని తింటుంది. బీరువాలో సిలికా జెల్ పొట్లాలు పెట్టి, నెలకోసారి మార్చండి.

ఇంట్లో అందుబాటులో ఉంది కదా అని కొబ్బరినూనె పూసేవాళ్లున్నారు. చలికాలపు తెల్లారుజామున అది పేరుకుంటుంది, వేసవిలో జిగురవుతుంది, దుమ్ము పడుతుంది. కొబ్బరినూనె జుట్టుకే ఉంచండి. తూటాలకి మాత్రం ఏ నూనే వద్దు; వెనక ఉండే ప్రైమరులోకి (నిప్పు పుట్టించే మందులోకి) ఇంకితే పేలదు. వాటిని పొడిగుడ్డతో తుడిస్తే చాలు. రోజూ వెంట తిరిగే తూటాల్ని ఏడాదికోసారి మార్చి, పాతవి అనుమతి ఉన్న షూటింగ్ రేంజిలో కాల్చేయండి. కొన్నదీ కాల్చిందీ తేదీలతో రాసి పెట్టుకోండి, ఖాళీ తొడుగులు పారేయకండి. లెక్క అడిగితే చూపించాలి.

గొడవ దగ్గర

డెల్టాలో మనుషులు కొట్టుకునే కారణాలు కొత్తవేం కాదు. గట్టు జరిపాడు, బోదె నీళ్లు తన వంతు కాకుండా మళ్లించుకున్నాడు, చెరువు లీజు డబ్బు ఇవ్వలేదు, కాలవ గట్టు రోడ్డు మీద కారుకి దారివ్వలేదు. వీటిలో ఒక్కదానికీ పిస్తోలు జవాబు కాదు. కాబట్టి మాట్లాడటానికి వెళ్తున్నది ఈ పనుల మీదే అయితే ఇంట్లో వదిలి వెళ్లండి. సరిహద్దు తగాదాకి మండల సర్వేయరుని, నీళ్ల తగాదాకి లస్కరునో (కాలవ నీళ్లు చూసే ఉద్యోగినో) ఇరిగేషన్ ఏఈనో, డబ్బు తగాదాకి ఇద్దరికీ కావాల్సిన పెద్దమనిషిని తీసుకెళ్లండి. మీ దగ్గర ఆయుధం ఉందని ఊళ్లో ఎలాగూ తెలుసు. చర్చకి మీరు దాంతో వచ్చారన్న అనుమానం చాలు, అవతలివాళ్లు కత్తులతో రావడానికి.

అనుకోకుండా రోడ్డు మీద ఎదురైతే వేరే సంగతి. రొయ్యల మేత లారీ మీ కారు అద్దం గీరుకుంటూ పోయింది, డ్రైవరు దిగి అరుస్తున్నాడు. అద్దాలు ఎత్తే ఉంచండి, తలుపులు లాక్ వేయండి, దిగొద్దు. ముందుకి దారుంటే పెట్రోలు బంకు దాకానో, జనం ఉన్న సెంటరు దాకానో వెళ్లి ఆపండి. దిగక తప్పకపోతే ఆయుధం ఉన్న పక్క అవతలివాడికి దూరంగా ఉండేలా కాస్త పక్కకి తిరిగి, రెండు బారల దూరంలో నిలబడండి. రెండు చేతులూ ఛాతీ ఎత్తులో, అరచేతులు కనపడేలా. గొంతు తగ్గించి, "సరేనండి, తప్పు నాదే. మీరు బయల్దేరండి" అనండి. తప్పు మీది కాకపోయినా అనండి. పెద్దాయనైతే "బాబాయ్, నేనే చూసుకోలేదు" అంటే సగం కోపం అక్కడే పోతుంది. బీమా కంపెనీకి ఫొటో తర్వాత తీసుకోవచ్చు, బండి నంబరు గుర్తుంటే చాలు.

అనకూడని మాటలు రెండు: "నేనెవరో తెలుసా", "నా దగ్గర ఏముందో తెలుసా". చేయకూడని పని ఒకటి: చెయ్యి నడుము దగ్గరికి పోవడం. చొక్కా అంచు కాస్త ఎత్తి చూపించినా, పైనుంచి తట్టినా అది బెదిరింపు. భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షను కిందికి రావచ్చు, లైసెన్సూ పోవచ్చు. ఇంతకీ బెదిరించినవాడి దగ్గర అవతలివాడు వెనక్కి తగ్గుతాడన్న హామీ లేదు. నలుగురిలో పరువు పోయిందనుకుంటే మీదికే వస్తాడు. అప్పుడు మీకు మిగిలేవి కాల్చడమో, ఆయుధం లాగించుకోవడమో.

తిట్టాడు, అమ్మానాన్నల్ని అన్నాడు, కాలరు పట్టుకున్నాడు. వీటికి వెనక్కి నడవడమే. వీపు పూర్తిగా చూపించకుండా, ఆయుధం మీద మోచెయ్యి ఆనించి, జనం వైపు నడవండి. 112కి ఫోను చేస్తున్నట్టు గట్టిగా చెప్పండి, నిజంగానే చేయండి.

మందు తాగే రోజున ఆయుధం వద్దు. ఒక్క బీరైనా సరే. చెరువు గట్టు మీద సాయంత్రం కూర్చుందామని ఎవరైనా పిలిస్తే, ముందు ఇంటికెళ్లి బీరువాలో పెట్టి రండి. ఇక పెళ్లిలో, పుట్టినరోజున, గెలుపు ఊరేగింపులో గాల్లోకి పేల్చడానికి ఆయుధ చట్టం 2019 సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పైకి పోయిన తూటా ఎక్కడో ఒకచోట దిగుతుంది. మన ఊళ్లలో రేకుల ఇళ్లే ఎక్కువ.

రాత్రి చెరువు దగ్గర

పట్టుబడికి (చేపలో రొయ్యలో పట్టి అమ్మే రోజుకి) దగ్గరపడిన చెరువులో విసురు వలతో ఎవరో దిగారు, లేదా నీళ్లలో గాలి కలిపే ఏరేటరు మోటారు విప్పుతున్నారు. ఇది దొంగతనం. ఉత్త దొంగతనానికి ప్రాణం తీసే హక్కు చట్టం ఇవ్వదు. దోపిడీ, రాత్రిపూట ఇంటి తలుపులు బద్దలుకొట్టడం, నివాసానికి నిప్పు పెట్టడం, లేక ఎదిరిస్తే చంపేస్తారనో తీవ్రంగా గాయపరుస్తారనో సహేతుకంగా భయపడాల్సిన పరిస్థితి ఉంటేనే ఆ హక్కు అంతదాకా వెళ్తుంది. పోలీసుల్ని పిలిచే వ్యవధి ఉన్నప్పుడు అదీ ఉండదు. అవసరానికి మించి హాని చేయకూడదన్నది న్యాయ సంహిత 37వ సెక్షను. కాబట్టి టార్చి, ఈల, కుక్క, సీసీ కెమెరా, 112. దొంగ పారిపోతే పోనివ్వండి. పరిగెత్తేవాడి వీపు మీద కాల్చినవాణ్ణి ఆత్మరక్షణ కాపాడదు.

భయపెట్టడానికని నీళ్లలోకి కాల్చడం మరీ ప్రమాదం. తక్కువ కోణంలో తగిలిన తూటా నీటి మీద చిల్లపెంకులా ఎగిరి అవతలి గట్టుకి పోతుంది. అవతలి గట్టు మీద ఇంకో కాపలాదారుడి పాక ఉంటుంది. తాటాకు గోడ తూటాని ఆపలేదు, సిమెంటు రేకూ ఆపలేదు. పక్షుల్ని బెదరగొట్టడానికి పిస్తోలు పేల్చడం లైసెన్సు ఉద్దేశానికి విరుద్ధం, వాటిలో చాలా వాటికి చట్టరక్షణ కూడా ఉంది.

పట్టుబడి డబ్బు చేతికొచ్చే రోజున ఆయుధం ఉందన్న ధైర్యంతో నగదు మోయకండి. బ్యాంకు ఖాతాకి వేయించుకోండి. నగదే అయితే పగటిపూట, ఇద్దరు మనుషులతో, రోజూ వెళ్లే దారి కాకుండా వెళ్లండి.

పోలీసులు ఆపితే, వాడాల్సి వస్తే

తనిఖీలో ఆపితే ఇంజను ఆపి, లోపలి లైటు వేసి, చేతులు స్టీరింగు మీద ఉంచండి. "సార్, నా దగ్గర లైసెన్సు ఆయుధం ఉంది, కుడి నడుము దగ్గర. ఏం చేయమంటారు?" అని వాళ్లు చెప్పినట్టే చేయండి. చూపించబోయి మీరే తీయొద్దు.

ప్రాణం మీదికొచ్చి కాల్చాల్సి వస్తే, ముప్పు ఆగిన క్షణమే ఆపాలి. ఆయుధం హోల్‌స్టరులో పెట్టి 112కి, గాయపడినవాడి కోసం 108కి ఫోను చేయండి. అక్కడి తొడుగులు, చెప్పులు, కత్తి ఏదీ కదపకండి. మీ ప్రాణానికి మళ్లీ ముప్పుంటే తప్ప అక్కణ్ణుంచి వెళ్లకండి. వెళ్లాల్సి వస్తే నేరుగా స్టేషనుకే. ఆయుధం పోలీసులకి అప్పగించి రసీదు తీసుకోండి. జరిగింది క్లుప్తంగా చెప్పి, వివరమైన వాంగ్మూలం వకీలు వచ్చాక ఇస్తానని చెప్పొచ్చు. ఫోన్లో ఎవరికీ వర్ణించకండి, వాట్సాప్ గ్రూపుల్లో అసలే వద్దు. ఆయుధం పోయినా, దొంగలెత్తుకెళ్లినా తెలిసిన వెంటనే దగ్గర్లోని స్టేషనులో ఫిర్యాదు చేసి నకలు తీసుకోవాలి.

ఇల్లు, వరద, ఎన్నికలు

ఇంట్లో ఆయుధం ఖాళీగా, గోడకి బోల్టులతో బిగించిన ఉక్కు బీరువాలో ఉండాలి. తూటాలు వేరే తాళంలో. తాళంచెవి దేవుడి గూట్లోనో, బీరువా పైనో పెడితే పిల్లలకి తెలియకుండా ఉండదు. అన్నదమ్ములైనా సరే, లైసెన్సులో పేరు లేనివాళ్లకి ఒక్క పూట కూడా ఇవ్వకూడదు.

లంక గ్రామాల్లో ఉండేవాళ్లు ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక రాగానే ఆయుధం సంగతి చూడాలి. రెండోది వచ్చేసరికి పడవల కోసం పరుగే సరిపోతుంది. ఖాళీ చేసి, నీళ్లు చొరని సంచిలో లైసెన్సుతో పాటు పెట్టి, పోలీసు స్టేషనులోనో లైసెన్సున్న ఆయుధ వ్యాపారి దగ్గరో అప్పగించి రసీదు తీసుకోండి. పునరావాస శిబిరంలో వందమంది మధ్య నడుముకి పెట్టుకుని పడుకోవడం కుదరదు.

ఎన్నికల ప్రవర్తనా నియమావళి వచ్చాక అప్పగించమని స్టేషను నుంచి నోటీసు వస్తే ఆలస్యం చేయకండి. ఇచ్చే ముందు ఆయుధానికి నూనె పూసి, నాలుగు వైపులా ఫొటోలు తీయండి. రసీదు మీద నంబరు, తూటాల సంఖ్య మీ కళ్లముందే రాయించండి. ఫలితాలొచ్చాక తిరిగి తీసుకునేటప్పుడు అక్కడే నంబరు సరిచూసుకోండి. ఇంటికి తెచ్చాక ఇసుక బకెట్టు దగ్గర ఛాంబరు తనిఖీ చేసి, గొట్టంలోకి టార్చి వేసి తుప్పు ఉందేమో చూడండి. స్టేషను కొట్టుగదిలో నెలల తరబడి ఉన్నదాన్ని శుభ్రం చేయకుండా నింపొద్దు.